తిరగేసి బిగించిన పలక

బండి ఏ రోగంతో వచ్చినా మందు రాసేవాళ్ళు ఆ వీధిలో నలుగురైదుగురు ఉన్నారు గానీ, నాడి పట్టి చూసేవాడు మాత్రం మేస్త్రి ఒక్కడే అని చెప్పుకునేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. రెండు నిమిషాల్లో ఫలానా బేరింగు అని తేల్చేవాడు. ఇరవయ్యేళ్ళలో ఆ మాట తప్పింది తక్కువ. తప్పినప్పుడు ఒప్పుకున్నది అంతకన్నా తక్కువ. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

షెడ్డులో ఇప్పుడు ఒక్కడే పని చేస్తున్నాడు. ఒకప్పుడు బావమరిది, అంటే భార్య తమ్ముడు, పన్నెండేళ్ళ పాటు పక్కనే ఉండేవాడు. ఆరేళ్ళ కిందట ఒక ప్రమాదం జరిగితే, ఆ తప్పు బావమరిదిదేనని తేల్చి మేస్త్రే అతన్ని పంపించేశాడు. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురిని పెట్టుకున్నాడు గానీ ఎవరూ నిలవలేదు. చేసిన ప్రతి పనినీ మళ్ళీ విప్పి చూసే మనిషి దగ్గర ఎవరు నిలుస్తారు?

ఒక ఉదయం అద్దాలాయన వచ్చాడు. కిటికీలకీ దుకాణాలకీ అద్దాలు కోసి బిగించే మనిషి, యాభై దాటినవాడు. వేళ్ళ నిండా పాత కోతల గీతలు. అతని పికప్ బండి వెనకాల కర్ర చట్రం ఉంది, అందులో నిలబెట్టి తాళ్ళతో కట్టిన అద్దాలు. బండి బాగా పాతది. రెండేళ్ళ కిందట చేతులు మారి మారి తన దగ్గరికి వచ్చిందట. క్యాబిన్ ఎప్పుడో మార్చారు, పైన నీలం రంగు కొట్టారు.

"మూడు షెడ్లు తిరిగొచ్చాను మేస్త్రిగారూ. మీ దగ్గరికి ముందే రావాల్సింది," అన్నాడు.

"అందరూ ఆఖర్నే వస్తారు. ఏమంటోంది బండి?"

"కదిలేటప్పుడు కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు ఒక్క దెబ్బ. ఆ తర్వాత బాగానే ఉంటుంది. నలభై దాటిందా, ఊఁ అని మూలుగు మొదలు. యాభై అయిదు దాటితే తగ్గుతుంది. ఆ మధ్యలో నా అద్దాలన్నీ కోరస్ పాడతాయి. నిరుడు నిలువెత్తు అద్దాలు రెండు దారిలోనే పగిలాయి. గుంట లేదు, గతుకు లేదు, ఉత్త మూలుగుకే పగిలాయి."

"ఇప్పటిదాకా ఏం మార్చారు?"

"ఒకాయన వెనక చక్రాల బేరింగులు మార్చాడు. ఇంకొకాయన గేరుబాక్సు దించాలన్నాడు, నేను అక్కణ్ణించి పారిపోయొచ్చాను. మూడో ఆయన క్రాసు మార్చాడు. ఇప్పటికి నాలుగు క్రాసులయ్యాయి. మార్చిన పదిహేను రోజులు నోరు మూసుకుంటుంది, మళ్ళీ మామూలే."

గేరుబాక్సు నుంచి వెనక ఇరుసు దాకా ఒక పొడుగాటి షాఫ్టు తిరుగుతుంది. దాని రెండు చివర్లా మణికట్టు లాంటి కీళ్ళుంటాయి. ఆ కీలునే క్రాసు అంటారు. షాఫ్టు తిరుగుతూ తిరుగుతూనే వంగడానికి వీలిచ్చేది అదే.

మేస్త్రి ముందు బండిని నిలబెట్టి ఇంజను రొద పెంచి విన్నాడు. మూలుగు లేదు. "ఇంజనుకేం పాపం తెలీదు," అన్నాడు. తర్వాత అద్దాలాయన్ని నడపమని, తాను వెనకెక్కి చట్రం పక్కన బోర్లా పడుకుని, స్క్రూడ్రైవరు రేకుకి ఆనించి చెవి పెట్టాడు. ఊరి బయట తిన్నటి రోడ్డు మీద మూడో గేరులో నలభై అయిదు నడిపించాడు, తర్వాత అదే వేగం నాలుగో గేరులో. ఇంజను తిరుగుడు మారింది గానీ మూలుగు మారలేదు. అంటే గేరుబాక్సు దాకా తప్పు లేదు. బండిని ఎడమకీ కుడికీ పాములా మెలికలు తిప్పమన్నాడు. బరువు ఈ చక్రం మీంచి ఆ చక్రం మీదికి పోతోంది గానీ మూలుగు అలాగే ఉంది. అంటే చక్రాలదీ కాదు. ఇక మిగిలింది షాఫ్టూ, దాని వెనక ఆ తిరుగుడుని చక్రాలకి పంచే డిఫరెన్షియల్ డబ్బా.

షెడ్డుకి తిరిగొచ్చి బండి వెనక భాగం జాకీల మీద లేపి కిందికి దూరాడు. షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పితే వెనక క్రాసు టక్కుమంది. మూత ఊడదీశాడు. లోపల గ్రీజు బదులు ఇటుకపొడి లాంటి తుప్పు రాలింది.

"ఇది వేసి ఎన్నాళ్ళయింది?"

"నలభై రోజులు కూడా కాలేదు."

"కొత్త క్రాసు నలభై రోజుల్లో పొడైందంటే తప్పు దానిది కాదు. దాన్ని ఏదో తినేస్తోంది. మీరు కొత్తది వేసినప్పుడల్లా దానికి మేత వేసినట్టే."

షాఫ్టు రెండు కీళ్ళ దగ్గరా ఒకేలా వంగితే, ఒక కీలు కుదుపుని రెండో కీలు మింగేస్తుంది. అందుకు గేరుబాక్సు తోక వెనక్కి ఎంత వాలిందో షాఫ్టు తగులుకునే డిఫరెన్షియల్ ముక్కు అంతే పైకెత్తి ఉండాలి. మేస్త్రి కొలత పెట్టి చూశాడు. ఈ ముక్కు పైకెత్తడం మాట దేవుడెరుగు, తిట్లు తిన్నదానిలా కిందికి దించుకుని ఉంది. వెనక కీలు మెడ విరిచినట్టు వంగిపోయింది.

కొంచెం వెనక్కి జరిగి కమాన్లు, అంటే ఇరుసు మీద బరువు మోసే ఉక్కు పట్టాల స్ప్రింగులు, చూశాడు. ఎక్కువ బరువు మోయడానికి ఎవరో అదనపు పట్టాలు వేసి బండి వెనక ఎత్తు పెంచారు. ఎత్తు పెంచినప్పుడు ముక్కు సరిచేయడానికి కమానుకీ ఇరుసుకీ మధ్య ఒక ఏటవాలు పలక పెడతారు. ఒక అంచు లావుగా, ఒక అంచు పల్చగా ఉంటుంది. ఎండిన మట్టి కింద ఆ పలక కనిపించింది.

"దొరికాడు దొంగ," అన్నాడు మేస్త్రి కిందనుంచే. "ఈ పలక లావు అంచు వెనక్కి ఉండాలి. ముందుకు పెట్టాడు. లేవాల్సిన ముక్కు ఇంకా వంగింది. ఎవడో మహానుభావుడు తిరగేసి బిగించాడు."

"రెండో వైపు?"

"రెండో వైపూ అంతే. తప్పు కూడా శ్రద్ధగా చేశాడు వెధవ. వీడి చేతికి స్పానరిచ్చిన వాణ్ణి అనాలి ముందు."

అద్దాలాయన పగలబడి నవ్వాడు. మేస్త్రి కిరసనాయిలు గుడ్డతో పలక మీది మట్టి తుడిచాడు. లావు అంచు మీద వరసగా మూడు చుక్కలు బయటపడ్డాయి. పంచ్ పెట్టి సుత్తితో కొట్టిన చుక్కలు.

లావు అంచు ఏదో చేతి వేలికి తెలియాలని అలా మూడు చుక్కలు కొట్టే అలవాటు ఆ ఊళ్ళో ఒక్కడికే ఉంది. ఆ ఒక్కడూ ఇప్పుడు బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

ఎంతకీ కిందనుంచి మాట రాకపోయేసరికి అద్దాలాయన వంగి చూశాడు. "ఏమైంది మేస్త్రిగారూ? దెబ్బ తగిలిందా?"

"కంట్లో మట్టి పడింది."

"దీన్ని బట్టి ఎవడి పనో తెలుస్తుందా?"

"తెలీదు," అన్నాడు మేస్త్రి. దొంగకి తేలు కుట్టినట్టుంది అతనికి.

ఆరేళ్ళ కిందట ఆ బండి తెల్లగా ఉండేది. సరుకులు మోయించే యజమాని ఒకడు ఎత్తు పెంచమని తెచ్చి, సాయంత్రానికల్లా కావాలన్నాడు. ఆ ఉదయమే మేస్త్రి భార్యకి, నాలుగో నెల కడుపుతో ఉన్న మనిషికి, నెత్తురు కనపడింది. "నువ్వు అక్కని ఆసుపత్రికి తీసుకెళ్ళు, నేను పలకలు వేసి ఉంచుతాను," అని బావమరిదిని పంపించాడు మేస్త్రి. మనసు ఆసుపత్రిలో, చేతులు బండి కింద. మధ్యాహ్నం ఫోనొచ్చింది, కడుపు నిలవలేదని. ఫోను జేబులో పెట్టుకుని మళ్ళీ కిందికి దూరి రెండో పలక బిగించాడు. సాయంత్రం బావమరిది వచ్చి షాఫ్టు ఎక్కించి నాలుగు బోల్టులు బిగించాడు.

తొమ్మిదో రోజున దిగుడు రోడ్డు మీద ఆ బోల్టులు ఊడాయి. ఊడిన షాఫ్టు కింద కొరడాలా కొట్టుకుని బ్రేకు పైపు తెంపింది. బండి గోడని గుద్దుకుంది. డ్రైవరుకి కుడికాలు మోకాలి కిందికి తీసేశారు.

జనం షెడ్డు ముందు చేరి బోల్టులు బిగించిందెవరని అడిగారు. మేస్త్రి బావమరిది వైపు వేలు చూపించాడు. అది అబద్ధమేమీ కాదు.

"నేను గట్టిగానే బిగించాను బావా," అన్నాడు బావమరిది. "బిగించిన బోల్టు దానంతటది ఊడదు. దాన్ని ఏదో ఊపింది. బండి కిందికి వెళ్ళి చూద్దాం రా."

"ఆడలేక మద్దెల ఓడన్నది నీలాంటి వాడేరా," అన్నాడు మేస్త్రి, అందరి ముందూ. ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది.

పలకలు విప్పి, తిప్పి పెట్టి, కొత్త క్రాసు వేయడానికి మూడు గంటలు పట్టింది. నలభై అయిదులో నడిపి చూస్తే అద్దాలు కిమ్మనలేదు. అద్దాలాయన బండి దిగి మేస్త్రి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ముగ్గురికి అంతుపట్టనిది ఒక్కపూటలో పట్టేశారు. మీ చెయ్యి మంచిది మేస్త్రిగారూ," అన్నాడు. మేస్త్రి గ్రీజు అంటుతుందని చెప్పి చేతులు వెనక్కి లాక్కున్నాడు.

నాలుగు రోజులు మింగలేక కక్కలేక తిరిగాడు. అయిదో రోజు అద్దాలాయన మళ్ళీ వచ్చాడు. షెడ్డు వెనకే ఇల్లు. వంటింటి కిటికీ అద్దం ఎన్నాళ్ళుగానో పగిలి ఉండటం బండి బాగుచేయించుకున్న రోజే చూశాడట, అభిమానం కొద్దీ కొత్తది కోసుకొచ్చి బిగించాడు. బిగిస్తూ మేస్త్రి భార్యతో జరిగిందంతా చెప్పాడు. పలక తిరగేసిన వాణ్ణి మేస్త్రి తిట్టిన తిట్లు కూడా గుర్తుపెట్టుకుని మరీ అప్పజెప్పాడు.

అతను వెళ్ళాక, ఆరిన బట్టలు మడతపెడుతూ ఆమె అడిగింది. "ఎవరండీ ఆ పని చేసినవాడు?"

"నేనే," అన్నాడు మేస్త్రి.

ఆమె హాస్యమనుకుని నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది.

"అదే బండి. అప్పటి తెల్లబండి," అన్నాడు.

ఆమె చేతిలో చొక్కా మడతపెట్టింది. విప్పింది. మళ్ళీ మడతపెట్టింది. "అంటే, ఆ బోల్టులు?"

"వాడు గట్టిగానే బిగించాడు. ఆ ఊపుకి ఎవరు బిగించినా ఊడతాయి."

బట్టలన్నీ అయిపోయాక చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. "ప్రమాదం అయిన నాలుగో రోజున వాడు ఈ గుమ్మంలోకొచ్చాడు. మీరు లేరు. 'అక్కా, బావని ఒక్కసారి ఆ బండి కింద చూడమని చెప్పు,' అన్నాడు. ఒకడి కాలు పోయింది, నా కడుపు పోయింది, నీకింకా బండి గోలేనా అని మొహాన తలుపేశాను. వాడొచ్చాడని మీకు చెప్పను కూడా లేదు. ఆసుపత్రిలో రెండు రోజులు నా దుప్పట్లు ఉతికింది వాడేనండీ."

"తెలియక జరిగింది," అన్నాడు మేస్త్రి.

"నాకు తెలియక జరిగింది," అంది ఆమె. "మీ సంగతి మీరు చూసుకోండి."

మర్నాడు ఇద్దరూ బస్సెక్కి బావమరిది పనిచేసే చోటికి వెళ్ళారు. అయిదంతస్తుల కార్ల పార్కింగు. ఆ ప్రమాదం తర్వాత ఏ షెడ్డూ అతన్ని పెట్టుకోలేదు. కుర్చీ వెడల్పు మాత్రమే ఉన్న గదిలో కూచుని, వచ్చిన కారుకల్లా టికెట్టు చింపి ఇస్తున్నాడు. కణతలు నెరిశాయి. పొట్ట పెరిగింది. వాళ్ళని చూసి లేవలేదు. పైకి ఎక్కుతున్న కారు వైపు తలూపి, "దాని ముందు కుడి బేరింగు వారంలో పోతుంది," అన్నాడు. పలకరింపు అదే.

"వాళ్ళతో చెప్పకపోయావా?" అన్నాడు మేస్త్రి.

"టికెట్లు చింపేవాడి మాట ఎవరు వింటారు బావా?"

కిటికీ పక్కన నిలబడి, కారు వచ్చినప్పుడల్లా తప్పుకుంటూ, మేస్త్రి చెప్పాల్సింది చెప్పాడు. ముక్కలు ముక్కలుగా చెప్పాడు. బావమరిది అంతా విని, "తెలుసు," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మూడో రోజు నుంచి. బండిని పడేసిన చోటికి వెళ్ళి కిందికి దూరాను. మూడు చుక్కలూ ముందుకున్నాయి."

"మరి చెప్పలేదేంరా?"

"నలుగురిలో చెబితే ఆ డ్రైవరు మనుషులు నీ షెడ్డు తగలబెట్టేవాళ్ళు. అక్క అప్పుడే మంచం దిగింది. మీ ఇంటికే వచ్చాను చెప్పడానికి." అక్క వైపు చూడకుండానే అన్నాడు ఆ మాట. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏడవకక్కా. నేనేం త్యాగం చెయ్యలేదు. బావే కనుక్కుంటాడనుకున్నాను. చప్పుడు విని బేరింగు పేరు చెప్పే మనిషి, తన పలక తాను పట్టుకోలేడా? రేపో మాపో పిలుస్తాడని మూడు నెలలు ఎక్కడా పని అడగలేదు. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వలేదు."

ఒక కారు వచ్చింది. టికెట్టు చింపి ఇచ్చి, గేటు ఎత్తి దించాడు.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు బావా. ఆ బండి నెల రోజులు అక్కడే పడి ఉంది. నీ షెడ్డుకి నాలుగు వీధుల అవతల. ఒక్కసారైనా దాని కిందికి దూరావా?"

"లేదు."

"ఏం?"

అప్పట్లో మేస్త్రి రెండుసార్లు అక్కడి దాకా వెళ్ళాడు. చేతిలో టార్చి కూడా ఉంది. రెండుసార్లూ ఆ స్థలం ప్రహరీ బయటే నిలబడి, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగాడు. ఈ సంగతి ఎవరికీ తెలియదు. తనకి తాను కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

"చూస్తే కనపడుతుందని," అన్నాడు.

బావమరిది తలూపాడు. "నేనూ అలాగే అనుకున్నాను. నా నోటితో అనకూడదని ఊరుకున్నాను."

"షెడ్డుకి వచ్చెయ్యరా. సగం నీది."

"వద్దు బావా. నేను బిగించింది నువ్వు విప్పి చూస్తావు. నువ్వు బిగించింది నేను విప్పి చూస్తాను. పొద్దస్తమానం విప్పుకుంటూ కూచోవాలి ఇద్దరం." ఒక్క క్షణం నవ్వబోయి మానేశాడు. "డ్రైవరు దగ్గరికి వెళ్ళావా?"

"లేదు."

"ముందు అక్కడికి వెళ్ళు. నేను ఎదురుపడితే చాలు, వీధి మలుపు తిరిగేదాకా తిడతాడు. ఆ తిట్లకి అసలు చిరునామా చెప్పు."

మేస్త్రి భార్య ఆ గది మెట్టు మీద కూచుంది. "మీరు వెళ్ళండి. నేను తర్వాత వస్తాను," అంది.

డ్రైవరు ఇప్పుడు గొడుగులకి ఊచలూ సంచులకి జిప్పులూ వేసే చిన్న కొట్టు నడుపుతున్నాడు. కర్ర ఒకటి గోడకి ఆనించి ఉంది. మేస్త్రి నిలబడే చెప్పాడు. డ్రైవరు జిప్పు కుట్టడం ఆపకుండానే విన్నాడు. అంతా అయ్యాక దారం పళ్ళతో తెంపి తలెత్తాడు.

"ఇంకెవరికి చెప్పావు ఈ సంగతి?"

"నా భార్యకి. బావమరిదికి."

"వాణ్ణన్నది నలుగురిలో. ఒప్పుకోవడానికి మాత్రం గుట్టుగా వచ్చావు."

"నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు," అన్నాడు మేస్త్రి.

"ఆరేళ్ళు వాణ్ణి తిట్టుకున్నాను మేస్త్రీ. పొద్దున్నే లేచి చెప్పులు తొడుక్కోబోయి ఒక్కటే తొడుక్కున్నప్పుడల్లా తిట్టుకున్నాను. అదంతా తప్పుడు మనిషికి పోయిందంటున్నావు. ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచి నిన్ను తిట్టుకోవాలా? నాకంత ఓపిక లేదు. దారికి అడ్డం లే, ఎవరో బేరం వచ్చారు."

ఆ వారంలోనే మేస్త్రి, మెకానిక్కులంతా చేరే టీ కొట్టు దగ్గర, అందరూ ఉన్న వేళ చూసి చెప్పాడు. ప్రమాదం తన పలక వల్లే జరిగిందన్నాడు, బావమరిది తప్పేమీ లేదన్నాడు. కొందరు టీ గ్లాసుల్లోకి చూశారు. ఒక పెద్ద మెకానిక్, "పాత సంగతులు ఇప్పుడెందుకులే," అన్నాడు. ఇంకొకడు, "మాకు అప్పుడే అనుమానం," అన్నాడు. అప్పుడు నోరెత్తని వాళ్ళలో అతనూ ఒకడు. మర్నాటి నుంచి షెడ్డుకి వచ్చే బండ్లు తగ్గాయి. దానివల్ల బావమరిదికి ఒరిగింది మాత్రం ఏమీ లేదు. ఆరేళ్ళు స్పానరు పట్టని చేతిని పిలిచి పని ఇస్తామని ఎవరూ అనలేదు.

ఇప్పుడు ఆదివారం ఆదివారం మేస్త్రి భార్య బస్సెక్కి తమ్ముడి దగ్గరికి వెళ్ళి సాయంత్రానికి వస్తుంది. ఇంట్లో కావలసినంత వరకే మాట్లాడుతుంది. భోజనం వడ్డిస్తుంది, "చాలా?" అని అడుగుతుంది, కంచం తీస్తుంది. తలుపు వేసిన ఆ రోజు గురించి అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకున్నారో లేదో మేస్త్రికి తెలియదు. అడగడానికి ఒకటి రెండు సార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు.